43 మందికీ రెండే, 29 మందికీ రెండే: అయోవా కాకస్‌లో నా అనుభవం

మొన్న సోమవారం, 2020 ఫిబ్రవరి 3 రాత్రి అయోవా డెమోక్రటిక్ కాకస్ అయింది. అంటే అధ్యక్ష అభ్యర్థిగా ఎవరు కావాలో పార్టీ వాళ్లు పేటల వారీగా కూడి తేల్చే సభ. ఇవాళ శుక్రవారం. ఫోన్లో కాలిక్యులేటర్ కనపడితే ఇప్పటికీ ఒళ్లు మండుతోంది. సిటిజన్‌షిప్ వచ్చిన మనవాళ్లు అక్కడేం జరుగుతుందని అడుగుతున్నారు కాబట్టి, మంట చల్లారకముందే రాసేస్తున్నా.

ఇది పెట్టెలో బ్యాలెట్ వేసి ఇంటికొచ్చే ప్రైమరీ కాదు. స్కూలు జిమ్‌లో మన అభ్యర్థి పేరు అంటించిన మూలకి వెళ్లి నిలబడాలి, పక్కింటాయన చూస్తుండగానే. లోపలికి వెళ్లడం సులువు. ఏడింటికల్లా లైన్లో ఉంటే చాలు. ఓటరుగా నమోదు కాకపోయినా, వేరే పార్టీలో ఉన్నా అక్కడే ఫారం నింపి మారిపోవచ్చు. నవంబర్ 3 ఎన్నికల నాటికి 18 నిండేవాళ్లైతే ఇప్పుడు 17 ఉన్నా లెక్కలోకి వస్తారు. హెచ్1బీ, గ్రీన్‌కార్డు వాళ్లు వచ్చి చూడొచ్చు గానీ విడిగా కూర్చోవాలి. తలలు లెక్కపెట్టేటప్పుడు వీళ్లు కలిసిపోయారా, రాత్రంతా తంటాలే.

సభ నడిపే మా చైర్ ఒక పెద్దావిడ. సెక్రటరీగా ఎవరుంటారు, లెక్కలు బాగా రావాలి అంది. జిమ్ జిమ్మంతా నా వైపు తిరిగింది. ఇండియన్ని కదా మరి! ఎంసెట్‌లో మంచి ర్యాంకే తెచ్చుకున్న మాట నిజమే, కాబట్టి నేనూ ఛాతీ విరుచుకుని లేచాను. అక్కడే బుద్ధి గడ్డి తింది.

మా ప్రీసింక్ట్ (పోలింగ్ ప్రాంతం) నుంచి కౌంటీ కన్వెన్షన్‌కి, అంటే జిల్లా స్థాయి పార్టీ సభకి, వెళ్లాల్సిన డెలిగేట్లు (ప్రతినిధులు) ఏడుగురు. హాజరు 143. నాలుగు, అంతకు మించి డెలిగేట్లున్న చోట ఒక గుంపు గట్టెక్కాలంటే హాజరులో 15 శాతం ఉండాలి. మూడే ఉన్న చోట ఆరో వంతు, రెండే ఉంటే పాతిక శాతం. 143లో 15 శాతమంటే 21.45. దీన్ని 21కి దించకూడదు, ఎప్పుడూ పైకే. అంటే 22.

మొదటి విడతలో శాండర్స్‌కి 38, బుటిజెజ్‌కి 36, వారెన్‌కి 27. ఈ మూడు గుంపులూ గట్టెక్కాయి. బైడెన్ దగ్గర 17, క్లోబుషార్ దగ్గర 16, యాంగ్ దగ్గర 7, విడిగా ఇంకో ఇద్దరు. ఈసారి రూలు మారింది. గట్టెక్కిన గుంపులోంచి ఇక ఎవరూ కదలడానికి లేదు. కార్డు ఒకటో వైపు పేరు రాసి, సంతకం పెట్టి, ఇచ్చేసి ఇంటికి పోవచ్చు. 2016లో ఎవరైనా ఎటైనా మారేవాళ్లు. మిగిలిన 42 మంది కార్డు తిప్పి రెండో వైపు రాయాలి. వాళ్లు ఇంకో గుంపులో చేరొచ్చు, చిన్న గుంపులు కలిసి 22 చేసుకోవచ్చు, విసుగొస్తే వెళ్లిపోవచ్చు.

నవంబర్‌లో ఎవరు నిలబడ్డా అందరం కలిసి పనిచేద్దామని ఏడింటికి చైర్ చెబితే చప్పట్లు మారుమోగాయి. ఎనిమిదింటికి చూడాలి ఆ జిమ్‌ని. బైడెన్ వాళ్లవీ క్లోబుషార్ వాళ్లవీ ఒకే రకం మాటలు, ఒకే రకం ఓటర్లు. రెండూ కలిస్తే 33. కానీ ఎవరు ఎవరి మూలకి నడవాలి? మాకు ఒకరు ఎక్కువున్నారు, మీరే రండి అంటారు వీళ్లు. మీవాడు రెండుసార్లు పోటీ చేసి ఓడాడు, మీరే రండి అంటారు వాళ్లు. మధ్యలో ఆరడుగుల ఖాళీ నేల. పావుగంట అందులో ఒక్కరూ కాలు పెట్టలేదు. చివరికి, కన్వెన్షన్‌కి మా తరఫున మీ మనిషినే పంపిస్తాం అని క్లోబుషార్ కెప్టెన్ బేరం పెడితే బైడెన్ వాళ్లలో ఎనిమిది మంది వచ్చారు. ఆరుగురు అలిగి బుటిజెజ్ వైపు వెళ్లారు. ముగ్గురు కోట్లు తొడుక్కుని ఇంటికి పోయారు. మన దగ్గర టికెట్ రాకపోతే రెబెల్‌గా నామినేషన్ వేస్తారు. ఇక్కడ కోటు తొడుక్కుంటారు, అంతే తేడా. యాంగ్ వాళ్లలో నలుగురు శాండర్స్‌కి, ఇద్దరు వారెన్‌కి, ఒకరు బయటికి. విడిగా ఉన్న ఇద్దరిలో ఒకరు బుటిజెజ్ దగ్గరికి, ఒకరు క్లోబుషార్ దగ్గరికి వెళ్లారు.

చివరి లెక్క: బుటిజెజ్ 43, శాండర్స్ 42, వారెన్ 29, క్లోబుషార్ 25. మొత్తం 139. ఇక్కడ జాగ్రత్త. నలుగురు వెళ్లిపోయినా భాగించాల్సింది 143తోనే. గుంపు సంఖ్యని ఏడుతో హెచ్చించి 143తో భాగిస్తే వరసగా 2.10, 2.06, 1.42, 1.22 వచ్చాయి. సగం, ఆపైన ఉంటే పైకి, లేకపోతే కిందికి. రెండు, రెండు, ఒకటి, ఒకటి. కూడితే ఆరే. ఏడో డెలిగేట్ ఎవరికి?

పెద్ద గుంపు మాది, మాకే అన్నాడు బుటిజెజ్ కెప్టెన్. ఒక్క మనిషి తేడాకి సీటా, నాణెం ఎగరేయండి అన్నారు శాండర్స్ వాళ్లు. 2016లో హిల్లరీతో పోటీలో కొన్నిచోట్ల నాణెం ఎగరేసి డెలిగేట్‌ని తేల్చిన గొడవ వాళ్లకి ఇంకా గొంతులో ముల్లే. మూడు రోజుల ముందు ఇక్కడి క్లైవ్ ఊళ్లో శాండర్స్ తరఫున వేదికెక్కిన కాంగ్రెస్ సభ్యురాలు రషీదా త్లైబ్ హిల్లరీ పేరు వినగానే ‘బూ’ అనడంతో ఆ పుండు మళ్లీ రేగింది. నేను షీటు వెనక రూలు చదివాను. తక్కువ పడితే, సగం లోపు దశాంశాల్లో ఏది పెద్దదో దానికి ఇవ్వాలి. అంటే .42 ఉన్న వారెన్‌కి. నాణెం ఎగరేసేది దశాంశాలు సరిగ్గా సమానమైతేనే.

అంతే, అప్పటిదాకా కొట్టుకుంటున్న రెండు గుంపులూ ఒకటై నా మీద పడ్డాయి. ఆ రాత్రి నేను కళ్లారా చూసిన పార్టీ ఐక్యత అదొక్కటే. మా 43 మందికీ రెండే, వాళ్ల 29 మందికీ రెండేనా అని అరుపులు. ఒక కుర్ర కెప్టెన్, నాకు ఇంగ్లిష్ రాదన్నట్టు ఒక్కో మాటా విడగొట్టి, ‘దశాంశం అంటే తెలుసా’ అని అడిగాడు, నూటముప్పై మంది ముందు. నా చేతిలో కాగితం లాక్కుని కాలేజీ పిల్లాడొకడి చేత మళ్లీ లెక్క వేయించారు. వాడు 139తో భాగించాడు! అలా చేసినా ఆరే వచ్చింది, అది వేరే సంగతి. నలభై నిమిషాల తర్వాత చైర్ రూలు పైకి చదివితే నోళ్లు మూతపడ్డాయి. సారీ మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఇంటికొచ్చి ఊరికే ఇంకో లెక్క వేశాను. బైడెన్ వాళ్లు 17 మందీ క్లోబుషార్ మూలకి నడిచి ఉంటే ఆ గుంపు 34 అయ్యేది. 1.66, అంటే ఇద్దరు డెలిగేట్లు. వారెన్‌కి ఒకటే మిగిలేది. ఆరడుగుల నేల దాటలేక సీటు మూడోవాళ్లకి అప్పజెప్పారు.

ఫలితాలు పంపే యాప్ తెరుచుకోలేదు, పార్టీ ఆఫీసుకి ఫోన్ కలవలేదు. ఆ భాగం మీరంతా టీవీలో చూసిందే. నిన్న మొత్తం లెక్కలొస్తే డెలిగేట్ల వాటాలో బుటిజెజ్ 26.2 శాతం, శాండర్స్ 26.1. మొదటి విడత తలల లెక్కలో మాత్రం శాండర్స్ దాదాపు ఆరు వేలు ముందున్నాడు. రాష్ట్రమంతా మా జిమ్ గొడవే.

వెళ్లేవాళ్లు సొంత పెన్ను, మంచినీళ్లు తీసుకెళ్లండి. తల లెక్క రెండుసార్లు పెట్టించి, ఆ సంఖ్య గోడ మీద పెద్దగా రాయించండి. షీటు మీద కెప్టెన్లందరి సంతకాలు అయ్యాక ఫోటో తీసుకోండి. కెప్టెన్ చొక్కా మీద బ్యాడ్జీలు ఎన్ని ఎక్కువుంటే అతని లెక్క అంత తక్కువ నమ్మండి. సెక్రటరీ ఎవరని అడిగినప్పుడు బూట్ల లేసులు కట్టుకోండి.

మార్చి 21న కౌంటీ కన్వెన్షన్. అక్కడ కూడా లెక్కలకి రమ్మని చైర్ నిన్న మెసేజ్ పెట్టింది. ఆ రోజు ఊళ్లో ఉండనని చెప్పాను. ఉంటాను.