నేమి సరస్సు ఒడ్డున తీరిన మొక్కు

రాత్రి ఇల్లు చేరేసరికి ఒంటిగంట దాటింది. పాప జుట్టుకు ఇంకా దీపపు పొగ వాసన ఉంది. పొద్దున తలకు పోస్తే పోతుంది. ఆ లోపే ఇదంతా రాసుకుందామని కూర్చున్నాను.

నాకు రెండుసార్లు కడుపు నిలవలేదు. మూడోసారి, పోయినేడు సెప్టెంబరులో కాస్త రక్తం కనబడితే డాక్టరమ్మ మంచం దిగొద్దంది. అమ్మ తెనాలిలో, మా ఆయన డ్యూటీలో, నేను రోమ్‌లో అద్దెగదిలో కప్పు చూస్తూ. నాతో పనిచేసే ఇటలీ అమ్మాయి ఒకరోజు వేడివేడిగా సూప్ తెచ్చిపెట్టి, పక్కన కూర్చుని, "డయానాకు మొక్కుకో. బిడ్డ పుడితే ఆగస్టు 13న కాగడా పట్టుకుని నేమికి వస్తానని చెప్పు" అంది. డయానా పాతకాలపు రోమన్ల దేవత, అడవికీ చంద్రుడికీ పురుళ్లకూ తల్లి. నేమి సరస్సు ఒడ్డున ఆమె గుడి ఉండేది, ఆగస్టు 13 ఆమె పండగ. ఏడుకొండలవాడికి అప్పటికే మొక్కుకున్నాను, ఆ మొక్కు ఇండియా వెళ్లినప్పుడు తీరుస్తాం. ఈ తల్లికి కళ్లు మూసుకుని తెలుగులోనే చెప్పుకున్నాను. "అమ్మా, ఈ ఒక్కదాన్ని నిలబెట్టు." ఏప్రిల్లో పాప పుట్టింది.

సూప్ తెచ్చిన ఆ స్నేహితురాలు తనను తాను స్ట్రేగా అంటుంది. మన మాటలో మంత్రగత్తె. మొదటిసారి విన్నప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. చేతబడి చేసిందన్న అనుమానంతో ఒంటరి ఆడవాళ్లను కొట్టి చంపిన వార్తలు చదువుతూ పెరిగినదాన్ని మరి. ఆమె చేసేది నేను చూసినంతలో ఇదీ: పున్నమికి కిటికీలో ఒక దీపం, గిన్నెలో నీళ్లు, దేవతను పేరుపెట్టి పిలుచుకోవడం. ఇప్పటి మంత్రగత్తెలకు, విక్కా అనే కొత్త మతం వాళ్లకు డయానా చాలా దగ్గరి దేవత. 1899లో చార్లెస్ లేలాండ్ అనే అమెరికన్ టస్కనీ మంత్రగత్తెల శాస్త్రమిదేనంటూ 'అరాడియా' అచ్చు వేయించాడు. డయానా కూతురు అరాడియా పేదలకు మంత్రవిద్య నేర్పడానికి భూమ్మీదికి దిగడం అందులో కథ. పున్నమి రాత్రి ఒకచోట చేరి నన్ను కొలవండి అన్న అందులోని పిలుపే తర్వాత ఇంగ్లండులో డోరీన్ వాలియెంటే చేతుల మీదుగా విక్కా ప్రార్థనలోకి వచ్చింది. అది నిజంగా పాత మంత్రగత్తెల నుంచి వచ్చిందన్న లేలాండ్ మాటను చాలామంది పండితులు నమ్మరు. నా స్నేహితురాలు కూడా ఆ సంగతి దాచదు. "మా అమ్మమ్మల నుంచి తెగకుండా వచ్చిందని అబద్ధమాడను. మధ్యలో తెగింది. మేం మళ్లీ ముడి వేసుకున్నాం" అంటుంది. ఆ మాటతోనే నాకు ఆమె మీద గురి కుదిరింది. పూర్తిగా తెగిందని కూడా నేననుకోను. డయానాతో కలిసి రాత్రిళ్లు స్వారీ చేస్తామని నమ్మే ఆడవాళ్లను పదో శతాబ్దపు చర్చి రాతల్లో తిట్టారంటే, గుడి కూలినా పేరు బతికే ఉందన్నమాట.

వరలక్ష్మీ వ్రతమైన ఐదో రోజు బయల్దేరాం. అనాన్యినా దగ్గర బస్సెక్కాం, తర్వాత ఇంకొకటి, తర్వాత నడక. రోమ్‌కు సుమారు ముప్పై కిలోమీటర్లే అయినా పాపను గుండెకు కట్టుకుని ఆ ఎండలో దిగేసరికి ప్రాణం కడబట్టింది. చల్లారిన అగ్నిపర్వతం నోట్లో నీళ్లు నిండి ఏర్పడిన సరస్సు అది. చుట్టూ నిటారుగా కొండ అంచు. రోమన్లు దాన్ని డయానా అద్దం అనేవారు. కాలిగులా చక్రవర్తి పెద్ద ఓడలు రెండు దొరికింది ఇక్కడే. 1944లో అవి మ్యూజియంలోనే కాలిపోయాయి. మేం మ్యూజియం లోపలికి వెళ్లలేదు.

జనం సంగతి చెప్పకుండా ఉండలేను. ఇటలీ అంతా సెలవుల్లో ఉండే వారం అది. సన్నటి రోడ్డుకు రెండువైపులా కార్లు, ఒడ్డున స్పీకర్లు, పైన ఊళ్లో అడవి స్ట్రాబెర్రీల కోసం తోపులాట. వాళ్లు పండక్కి రాలేదు, వాళ్లనేమీ అనను. దేవత కోసమని వచ్చినవాళ్లే కొందరు తెల్లగౌన్లు వేసుకుని, ఫోను స్టాండుకు బిగించి, వీడియో బాగా రాలేదని ఒకే ప్రదక్షిణ నాలుగుసార్లు తిరిగారు. అది చూసి మనసు చివుక్కుమంది.

గుడి గేటుకు తాళం. కంచె సందుల్లోంచి పాతగోడ గూళ్లు, నాలుగు స్తంభాల మొండాలు కనిపించాయి, అంతే. ఒకప్పుడు ఈ చోటినిండా మొక్కుబళ్లే. మట్టితో చేసిన గర్భసంచులు, చేతులు, పాదాలు, బిడ్డనెత్తుకున్న తల్లులు తవ్వకాల్లో బయటపడ్డాయి. కంచెల మీద దారాలు వేలాడేవని, కోరిక తీరిన ఆడది తలకు పూదండ చుట్టుకుని, వెలిగించిన కాగడా పట్టుకుని రోమ్ నుంచి వచ్చేదని కవి ఓవిడ్ రాశాడు. నాకు కావలసింది ఆ ఒక్కటే. కానీ వేసవిలో చెట్ల దగ్గర నిప్పు వెలిగించనివ్వరు. అడవులు తగలబడుతున్న రోజులు, అది సబబే. "బ్యాటరీ లైటు వేద్దాం, తల్లి అర్థం చేసుకుంటుంది" అంది నా స్నేహితురాలు. నాకు మనసొప్పలేదు. వెలగని కాగడా చేతిలో పట్టుకుని, ఏడుస్తున్న పాపకు పాలిచ్చేందుకు చాటు లేక రోడ్డు పక్కన నిలబడ్డాను. నాకూ ఏడుపొచ్చింది.

పక్కన పూలమొక్కల షెడ్ల వెనక ఒక ఇల్లుంది. అందులోంచి ఒక మామ్మగారు వచ్చి ఏమీ అడగకుండా నా మోచెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లారు. పెరట్లో కుర్చీ వేశారు. పాప పాలు తాగుతుంటే నా స్నేహితురాలు మొక్కు సంగతి చెప్పింది. మామ్మగారి మెడలో మరియమ్మ బిళ్ల ఉంది. ఇదేం పూజ అంటారేమోనని బిక్కుబిక్కుమంటూ చూశాను. "బిడ్డ కోసం మొక్కుకుని వెలిగించకుండా ఎలా పోతావు అమ్మాయ్?" అన్నారు. సిమెంటు గచ్చు నడిమధ్య మట్టిమూకుడు పెట్టి, వంటింట్లోంచి ఆలివ్ నూనె తెచ్చి పోశారు. పాత గుడ్డ చింపి వేళ్లమధ్య నలిపి వత్తి చేశారు, అచ్చం మా అమ్మ చేసినట్టే. పక్కన బకెట్టునిండా నీళ్లు. అగ్గిపుల్ల నా చేతికిచ్చారు.

ఆ రాత్రి శ్రావణ బహుళ పంచమి. చంద్రుడు ఎంతకీ రాడు. ఒడ్డున స్పీకర్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. పదకొండు దాటాక కొండ అంచు మీద చెట్ల కొసలు ముందు తెల్లబడ్డాయి. తర్వాత సరస్సులో, ఆకాశంలో కంటే ముందు నీళ్లలోనే నాకు కనబడింది, ఒక పక్క అరిగిన వెండిబిళ్ల. పాపను ఎత్తి చూపించాను. పెరటికీ నీళ్లకూ మధ్య చప్పుడే లేదు. నా స్నేహితురాలు మోకాళ్ల మీద ఉంది. మామ్మగారు శిలువ గుర్తు వేసుకున్నారు. నేను దండం పెట్టాలన్నది కూడా మర్చిపోయాను. ఇంతలో ఎవరిదో కారు హెడ్‌లైటు తగిలి నీళ్లన్నీ పసుపుపచ్చగా చెదిరాయి.

దీపం దానంతటది కొండెక్కేదాకా తను కూర్చుంటానన్నారు మామ్మగారు. వచ్చేటప్పుడు కంచె దగ్గర ఆగాను. పురిటికి వచ్చిన అమ్మ ఇరవై ఒకటో రోజున పాపకు కట్టిన మొలతాడు, ఇప్పుడు బిగుతై నేను తీసేసినది, నా పర్సులో ఉంది. ఫోను వెలుగులో తీగకు కట్టి రెండు ముళ్లు వేశాను. ఆ పక్కనే ఎవరిదో ఎర్రదారం, ఎండకు వెలిసిపోయి, అప్పటికే ఉంది.