లవం ఒకరిది, హారం ఇంకొకరిది

ఇవాళంతా ఒకే పట్టికతో సరిపోయింది. రెండు జనగణనలు, వాటి మధ్య పదేళ్ల మరణాల రిజిస్టర్లు. వీటినుంచి ఏ ఏడాదికి ఆ ఏడాది, ఏ వయసుకి ఆ వయసు మరణ రేటు తీయాలి. పైకి చూస్తే మామూలు భాగహారమే: లవంలో మరణాలు, హారంలో జనం. చిక్కేమిటంటే లవం రాసే ఆఫీసు వేరు, హారం రాసే ఆఫీసు వేరు. జనగణనలో వయసు చెప్పేది ఆ సమయానికి ఇంట్లో ఉన్నవాళ్లు. రిజిస్టర్లో చెప్పేది కొడుకో, అల్లుడో, ఆస్పత్రి గుమాస్తానో. పైనా కిందా ఉన్నది ఒకే జనం అని నమ్మకం కుదిరేదాకా రేటు జోలికి పోకూడదు.

పొద్దుటి పని తెలివితేటలు పెద్దగా అక్కర్లేనిదే, ఓపిక మాత్రం కావాలి. మరణం జరిగిన తేదీ, రిజిస్టర్‌కి ఎక్కిన తేదీ వేరు చేసుకోవాలి. డిసెంబరు ఆఖరి వారంలో పోయినవాళ్లు జనవరిలో నమోదవుతారు. మామూలు ఏడాదుల్లో ఇటు వచ్చేవీ అటు పోయేవీ దాదాపు సరిపోతాయి. చలికాలంలో ఫ్లూ ముమ్మరంగా వచ్చిన ఏడాది సరిపోవు. పాత బకాయిలన్నీ ఒకేసారి నమోదు చేసిన ఏడాదైతే పట్టికలో గుట్ట లేస్తుంది, అది ఏ జబ్బూ కాదు. తర్వాత నివాసం. పెద్దాస్పత్రి ఉన్న ఊళ్లో చుట్టుపక్కల వాళ్లంతా వచ్చి చనిపోతారు. జనం నివాసాన్ని బట్టి లెక్కించి, మరణాలు జరిగిన చోటుని బట్టి లెక్కిస్తే ఆ ఊరు శ్మశానంలా కనిపిస్తుంది.

వయసు రాయని మరణాలు ఎప్పుడూ కొన్ని ఉంటాయి. మొత్తం 48,600లో 972కి వయసు లేదనుకోండి. తెలిసినవి 47,628. ప్రతి వయసు అంకెనీ 48,600/47,628తో, అంటే 1.0204తో హెచ్చవేస్తే పంపకం అయిపోతుంది. ఆడ, మగ మాత్రం విడివిడిగా చేయాలి. గుర్తు తెలియని శవాల్లో మగవాళ్లవే ఎక్కువ కాబట్టి, కలిపి పంచితే ఆడవాళ్ల ఖాతాలో లేని చావులు పడతాయి.

ఆ తర్వాత అసలు ప్రశ్న: అన్ని మరణాలూ నమోదయ్యాయా? దీనికి రెండు దారులున్నాయి. మొదటిది 1949లో గణాంకవేత్తలు చంద్రశేఖరన్, డెమింగ్ చెప్పిన జాబితాల పద్ధతి. రిజిస్టర్లో 800 మరణాలు, ఇంటింటి సర్వేలో 750, రెండింటిలోనూ ఉన్నవి 600 అనుకుందాం. 800ని 750తో హెచ్చవేసి 600తో భాగిస్తే 1,000. అంటే రిజిస్టర్ 80 శాతం పట్టుకుంది. లెక్క ముచ్చటగా ఉంటుంది కానీ ప్రాణమంతా జత కలపడంలోనే ఉంది. ఒకే మనిషి పేరు రెండు జాబితాల్లో రెండు రకాలుగా రాసి ఉండి జత తప్పితే 600 కాస్తా 550 అవుతుంది, మొత్తం 1,091కి ఎగబాకుతుంది. పోతే, ఇంట్లో వాళ్లు రిజిస్టర్లో దాచిందే సర్వేలోనూ దాచిపెడితే రెండు జాబితాలూ ఒకదానికొకటి స్వతంత్రం కావు. అప్పుడు లెక్క తక్కువ చూపిస్తుంది.

రెండోది ఎదుగుదల సమతుల్యం. జనాభా శాస్త్రవేత్త బ్రాస్ 1975లో ప్రతిపాదించాడు, హిల్ 1987లో దాన్ని రెండు జనగణనలకి సరిపడేలా మార్చాడు. ఒక వయసు దాటిన జనంలోకి ఏటా కొత్తగా వచ్చి చేరేవాళ్ల రేటు లోంచి ఆ జనం పెరిగిన రేటు తీసేస్తే మిగిలేది పోయినవాళ్ల రేటు. దాన్ని రిజిస్టర్ చెప్పే రేటు పక్కన పెట్టి వయసు వయసుకీ చుక్కలు పెడితే గీత వస్తుంది. గీత వాలు 1.25 వస్తే 1ని దానితో భాగించాలి, నమోదు 80 శాతం. చుక్కలు గీతమీద కూర్చుంటేనే ఆ అంకెకి విలువ. పడుచు వయసుల్లో చుక్కలు ఒక పక్కకి వంగాయంటే వలసలున్నాయని అర్థం. పసిపిల్లల మరణాల గురించి ఈ పద్ధతి ఏమీ చెప్పదు, అది విడిగా చూసుకోవాలి. నమోదు 98 శాతం ఉన్నచోట దీన్ని వాడి సవరించడం నాకు నచ్చదు, ఆ రెండు శాతం కంటే పద్ధతి పొరపాటే పెద్దది. బర్కిలీ విశ్వవిద్యాలయమూ రోస్టాక్‌లోని మాక్స్ ప్లాంక్ సంస్థా కలిసి 2002లో తెరిచిన దేశదేశాల మరణ రేట్ల భండారం హ్యూమన్ మోర్టాలిటీ డేటాబేస్, నమోదు దాదాపు పూర్తిగా ఉన్న దేశాలనే తీసుకుంటుంది. కఠినంగా అనిపించినా అదే సబబు. అందులో స్వీడన్ వరుస 1751 నుంచి ఉంది.

వయసుల ముద్ద దగ్గరే పొద్దెక్కింది. జనం వయసుని సున్నాతోనో అయిదుతోనో ముగిసే అంకెకి సర్ది చెబుతారు, ఆ అంకెల దగ్గర కుప్పపడేదే ముద్ద. ముద్ద ఎంతుందో చెప్పే విప్పుల్ సూచీ తీయడం సులువు: 23 నుంచి 62 దాకా ఉన్నవాళ్లలో 25, 30, 35 అంటూ 60 దాకా చెప్పినవాళ్లని కూడి, 5తో హెచ్చవేసి, మొత్తంతో భాగించి, 100తో హెచ్చవేయాలి. 4,00,000 మందిలో 1,12,000 మంది అలా చెబితే సూచీ 140. ముద్ద లేకపోతే 100, అందరూ సర్ది చెబితే 500. 105 లోపు ఉంటే నిశ్చింత, 125 దాటితే మోటు లెక్క.

సూచీ కంటే ముఖ్యమైన సంగతి ఒకటుంది. లవంలోనూ హారంలోనూ ముద్ద ఒకే పాళ్లలో ఉంటే రేటు పెద్దగా చెడదు. పాళ్లు వేరైతేనే తంటా. 59 ఏళ్ల వాళ్లు 3,500, 60 ఏళ్ల వాళ్లు 9,000 అని జనగణన చెప్పిందనుకోండి. మరణాలు 59లో 50, 60లో 240 అయితే రేట్లు వెయ్యికి 14.3, 26.7. ఒక్క ఏడాదిలో చావు దాదాపు రెట్టింపా! చనిపోయినవాడు తన వయసు తాను చెప్పుకోడు కదా, పక్కనున్నవాళ్లు అంచనాగా చెబుతారు. అందుకే రిజిస్టర్లో ముద్ద తరచు ఎక్కువ. ఇలాంటి చోట ఒక్కో ఏడు వయసుని నునుపు చేయాలని చూడటం దండగ. అయిదేళ్ల గుంపులు కట్టి, వయసు వెంట మరణాల కూడిక మొత్తానికి స్ప్లైన్ అనే నునుపైన వక్రరేఖ గీసి, దాన్నే మళ్లీ ఒక్కో ఏడుగా విడగొట్టాలి. గుంపు కట్టడంలోనూ ఒక మెలిక ఉంది. 58, 59 వాళ్లు అరవై అని చెబితే 55–59 గుంపు చిక్కి 60–64 ఉబ్బుతుంది. 58–62గా కడితే ముద్ద మధ్యలోకి వస్తుంది. పరీక్షకి రెండు రకాలుగానూ కట్టి రేట్లు పోల్చి చూస్తే ఎంత నమ్మాలో తేలుతుంది.

భోజనం తర్వాత రెండు జనగణనల మధ్య ఏడాదులు నింపాను. మొదటి జనగణనలో 30 ఏళ్ల వాళ్లు 52,400. పదేళ్లలో వాళ్లలో నమోదైన మరణాలు 1,310. రెండో జనగణనలో 40 ఏళ్ల వాళ్లు 51,090 ఉండాలి, కనిపించింది 49,850. తేడా 1,240, వలస కింద రాసుకునేది. దాన్ని ఏడాదికి 124 చొప్పున సమంగా తగ్గించుకుంటూ పోవడం వాడుక. వలస అంతా అలా సమంగా జరిగిందని కాదు, అంతకంటే తెలిసింది లేనప్పుడు అదే మర్యాద. జనగణన తేదీ మార్చి 1 అయితే ఏడాదిలో 59 రోజులు గడిచాయి, అంటే 0.162 వంతు. జనవరి 1కి మార్చేటప్పుడు ఆ వంతు లెక్కలోకి రావాలి. తేడా గుర్తు కూడా చూసుకోవాలి. డెబ్బై దాటినవాళ్లలో ఉండాల్సినదానికంటే ఎక్కువమంది కనిపిస్తే దాన్ని వలస అనేస్తే నవ్వుతారు, అది వయసు పెంచి చెప్పడమే. సున్నా ఏళ్ల గడిలో జనగణన అంకెని నేను నమ్మను. పసిపిల్లలు లెక్క తప్పిపోవడం దాదాపు అంతటా ఉన్నదే. జననాల్లోంచి మరణాలు తీసేసి కట్టుకుంటే మేలు, జననాల నమోదు బాగుంటేనే సుమా.

ఇక త్రిభుజాలు. అడ్డంగా ఏడాది, నిలువుగా వయసు పెట్టి పట్టిక గీస్తే, పుట్టిన ఏడాదుల మధ్య గీత ప్రతి గడినీ ఏటవాలుగా కోసి రెండు త్రిభుజాలు చేస్తుంది. 2019లో 70 ఏళ్ల వయసులో చనిపోయినవాళ్లు రెండు రకాలు: 2019లోనే 70 నిండినవాళ్లు 1949లో పుట్టారు (కింది త్రిభుజం), ఆ ఏడాది 71 ఇంకా నిండనివాళ్లు 1948లో పుట్టారు (పై త్రిభుజం). వయసు, ఏడాది, పుట్టిన ఏడాది మూడూ తెలిస్తేనే మరణం సరైన తరానికి చేరుతుంది. జర్మన్ గణాంకవేత్త విల్‌హెల్మ్ లెక్సిస్ 1875 నాటి చిత్రం దీనికే. పెద్ద వయసుల్లో చెరిసగం పంచితే పెద్ద నష్టం లేదు. శిశువుల్లో పంచకూడదు. శిశు మరణాల్లో ఎక్కువ మొదటి నెలలోనే జరుగుతాయి కాబట్టి సున్నా ఏళ్ల మరణాల్లో చాలా భాగం అదే ఏడాది పుట్టినవాళ్లవే.

హారంలో ఉండేది తలల సంఖ్య కాదు, ఆ వయసులో జనం గడిపిన మనిషి-సంవత్సరాలు. ఏడాది మొదట్లో 70 ఏళ్ల వాళ్లు 10,000, ఆఖర్లో 10,400 అయితే సగటు 10,200. కింది త్రిభుజంలో 100 మరణాలు, పై త్రిభుజంలో 110 ఉంటే, ఆ తేడాలో ఆరో వంతు సవరణ: 10,198.3. మొత్తం 210 మరణాలు, రేటు 0.02059. దాన్ని 70 నుంచి 71 లోపు పోయే సంభావ్యతగా మారిస్తే 0.02038. పోయినవాళ్లు ఆ ఏడాదిలో సగటున అర సంవత్సరం బతికారన్నది ఇక్కడి ఊహ. శిశువులకి ఆ అర చెల్లదు, మరణాలు తక్కువున్న చోట అది 0.1 దరిదాపుల్లో ఉంటుంది.

ఈ సూత్రం వెనక చప్పుడు చేయని ఊహ ఇంకొకటుంది: జననాలు ఏడాది పొడవునా సమంగా జరిగాయని. ఇంగ్లండ్, వేల్స్ లెక్కల్లో 1919 తరం దగ్గర అది బొక్కబోర్లా పడింది. 1918 నవంబరులో యుద్ధం ఆగి సైనికులు ఇళ్లకి చేరాక 1919 ఆఖర్లోనూ 1920 మొదట్లోనూ జననాలు గుమిగూడాయి. 1980లో 60 ఏళ్ల గడి చూడండి. అందులో 1919 వాళ్లూ 1920 వాళ్లూ ఉంటారు, సూత్రం చెరో అర సంవత్సరం ఇస్తుంది. 1919 వాళ్లలో ఎక్కువమందికి 61 నిండేది ఏడాది చివర కాబట్టి వాళ్లు 60లో అరకంటే ఎక్కువే గడిపారు. 1920 వాళ్లు ఏడాది మొదట్లోనే 60కి వచ్చేశారు, వాళ్లదీ అరకంటే ఎక్కువే. హారం తక్కువ పడి రేటు పెరిగింది. 1979 గడిలో ఇదంతా తలకిందులు: 1919 వాళ్లు 60లోకి వచ్చేదే ఆఖర్లో, హారం ఎక్కువ పడి రేటు తగ్గింది. పట్టికని రంగులు వేసి చూస్తే ఏటవాలుగా ఒక చార ఎరుపు, పక్క చార నీలం. ఆ తరానికి ప్రత్యేకమైన ఆరోగ్య చరిత్ర ఏదో ఉందని వెతకడం మొదలుపెడితే దారి తప్పినట్టే. మందు ఒకటే, నెలవారీ జననాలు తెచ్చి ఆ అరని సరిచేయడం. హ్యూమన్ మోర్టాలిటీ డేటాబేస్ తన పద్ధతిని అలాగే మార్చింది.

శిశు మరణాల్లో నిర్వచనమే అంకెని మార్చేస్తుంది. సోవియట్ నిర్వచనం ప్రకారం 28 వారాలు నిండకుండా లేదా 1,000 గ్రాముల లోపు పుట్టి ఏడు రోజుల్లోపు పోయిన బిడ్డ సజీవ జననం కిందికే వచ్చేది కాదు. లవంలోంచీ పోయేది, హారంలోంచీ పోయేది. స్పెయిన్‌లో 1975 దాకా మొదటి 24 గంటల్లో పోయిన శిశువులని మృతశిశు జననాల్లో కలిపేవారు. రేటు హఠాత్తుగా మెట్టు ఎక్కితే ముందు నిబంధన ఎప్పుడు మారిందో చూడాలి.

తొంభై పైన జనగణనని పక్కన పెట్టేస్తాను. ఒక తరం అంతా పోయాక, ఆఖరి మరణం నుంచి వెనక్కి కూడుకుంటూ వస్తే ఏ వయసులో ఎంతమంది బతికున్నారో తెలిసిపోతుంది. ఫ్రెంచి జనాభా శాస్త్రవేత్త పాల్ విన్సెంట్ 1951లో వాడిన దారి ఇది. ఒక తరంలో 105, ఆపైన 3 మరణాలు, 104లో 4, 103లో 7 ఉంటే 103 నిండినవాళ్లు 14 మంది. జనగణన 31 అంటే 17 మంది కాగితం మీదివాళ్లు. ఆ వయసులో వలసలు దాదాపు ఉండవు కాబట్టే ఈ లెక్క నిలుస్తుంది. నమోదు పూర్తిగా లేని చోట కుప్పకూలుతుంది, తప్పిన ప్రతి మరణమూ మాయమైన మనిషి కదా. తరం ఇంకా పూర్తిగా పోనప్పుడు, అంతకుముందు తరాల్లో మిగిలినవాళ్లకీ గత అయిదేళ్లలో పోయినవాళ్లకీ ఉన్న నిష్పత్తిని అప్పు తెచ్చుకుంటాం.

కాగితం మీద మనుషులు ఎంతమంది ఉండగలరో జపాన్ 2010లో చూసింది. కుటుంబ రిజిస్టర్లు తిరగేస్తే నూరేళ్లు దాటి ఆచూకీ లేనివాళ్లు 2,34,000కి పైగా తేలారు. అక్కడి జనాభా లెక్కలు ఆ రిజిస్టర్ మీద నడవవు కాబట్టి ఆయుర్దాయం చెడలేదు. ఏ కాగితం దేనికి ఆధారమో తెలియకుండా జపాన్ ఆయుర్దాయమే బూటకం అన్నవాళ్లకి ఆ ముక్క పట్టలేదు.

ఇక కొస వయసుల్లో గడికి నాలుగైదు మరణాలే ఉంటాయి, రేటు ఎగిరెగిరి పడుతుంది. మరణాలు వందకి దిగే వయసు దగ్గరనుంచి జనాభా శాస్త్రవేత్త వైనో కన్నిస్తో పేరున్న వక్రరేఖ అతికిస్తాను. అది వయసుతో పెరుగుతూనే ఉంటుంది గానీ 1 దాటదు. 80 పైన ఉన్న అంకెలతో మాత్రమే దాన్ని కొలవాలి. ఇంకా కింది వయసులు కలిపితే వాటి బరువుకి కొస వంగిపోతుంది.

ఆయుర్దాయం సరిగ్గా వచ్చిందని పట్టిక సరిగ్గా ఉన్నట్టు కాదు. అరవై దగ్గర ముద్ద ఉన్నా ఆయుర్దాయంలో తేడా పెద్దగా కనిపించదు, శిశు మరణాలు కొన్ని నమోదు తప్పితే మాత్రం వెంటనే పెరుగుతుంది. అందుకే రేట్లని లాగరిథమ్ మీద గీసి, ఆడ, మగ గీతలు ఎక్కడ కలుసుకున్నాయో, ఏటవాలు చారలున్నాయో చూస్తాను. పంపకాలన్నీ అయ్యాక మరణాల మొత్తం మొదటి ఫైల్లోని మొత్తానికి ఒక్కటి కూడా తేడా రాకూడదు. ఇవాళ సరిపోయింది. సరిహద్దు మారిన ఒక ఏడాది మాత్రం మిగిలింది. ఆ జనవరి 1కి రెండు జనాభాలు కట్టాలి, గడిచిన ఏడాది లెక్కకి పాత హద్దులతో ఒకటి, రాబోయే ఏడాదికి కొత్త హద్దులతో ఒకటి. కొత్తగా కలిసిన మండలాల వయసుల పట్టిక వచ్చాకే ఆ రెండోది కుదురుతుంది.