కరణం లేకపోయినా ఫర్వాలేదు, కర్ణం కొలవండి

కాస్త వంకరగా ఉన్న ఇంటి స్థలానికి గజాలు ఎలా లెక్క కడతారో చూసే ఉంటారు. టేపు పట్టి నాలుగు వైపులా కొలుస్తారు. ఎదురెదురు వైపులను కూడి సగం చేస్తారు. వచ్చిన రెండు సగాలనూ గుణించి, తొమ్మిదితో భాగించి "ఇన్ని గజాలు" అనేస్తారు. మూలలన్నీ మూలమట్టానికి సరిపోతే ఈ లెక్క కరెక్టే. లేదంటే ఎప్పుడూ ఎక్కువే చూపిస్తుంది, ఒక్కసారి కూడా తక్కువ చూపించదు. అమ్మేవాళ్లకు ఇది ఎందుకంత ఇష్టమో వేరే చెప్పాలా!

628లోనే బ్రహ్మగుప్తుడు ఈ లెక్కను చెప్పి, దీన్ని 'స్థూలం' అన్నాడు. 'సూక్ష్మం' కోసం వేరే సూత్రం ఇచ్చాడు. మనవాళ్లు మొదటిదాని దగ్గరే ఆగిపోయారు.

ఒక స్థలం తీసుకుందాం. మూలలు ఏ, బీ, సీ, డీ. ఏబీ 52 అడుగులు, బీసీ 56, సీడీ 45, డీఏ 39. వాడుక లెక్కలో 52, 45ల సగటు 48.5. 56, 39ల సగటు 47.5. గుణిస్తే 2303.75 చదరపు అడుగులు, అంటే దాదాపు 256 గజాలు.

ఇప్పుడు ఏ నుంచి సీకి అడ్డంగా టేపు లాగండి, ఇదే కర్ణం. 60 అడుగులు వచ్చిందనుకోండి. స్థలం రెండు త్రిభుజాలైంది. తొమ్మిది, పది తరగతుల్లో చదివి మరిచిపోయిన హెరాన్ సూత్రం ఇక్కడ అక్కరకొస్తుంది. మూడు భుజాలూ కూడి సగం చేయాలి. ఆ సగంలోంచి ఒక్కో భుజాన్నీ తీసేసి, వచ్చిన మూడింటినీ ఆ సగంతో గుణించి, వర్గమూలం తీయాలి. ఫోన్‌లో కాలిక్యులేటర్ ఉండగా ఇదేం పెద్ద పని కాదు.

మొదటి త్రిభుజం 52, 56, 60. సగం 84. 84 × 32 × 28 × 24కు వర్గమూలం 1344. రెండోది 60, 45, 39. సగం 72. 72 × 12 × 27 × 33కు వర్గమూలం 877.4. మొత్తం 2221.4 చదరపు అడుగులు, అంటే 246.8 గజాలు. వాడుక లెక్కకూ దీనికీ తేడా తొమ్మిది గజాల పైమాటే. గజం ఇరవై వేలైతే లక్షా ఎనభై వేలు గాల్లోకి పోయినట్టే.

నాలుగు వైపులు తెలిస్తే వైశాల్యం తెలిసినట్టు కాదు. నాలుగు కర్రలను మేకులతో జోడించి ఊపి చూడండి, చట్రం ఇటూ అటూ వాలుతుంది. కర్రల పొడవు మారదు గానీ లోపలి జాగా మారుతుంది. పై నాలుగు కొలతలే ఉండి, ఏసీ 60 బదులు 80 అడుగులుంటే స్థలం 1960 చదరపు అడుగులకు పడిపోతుంది. ఆ నాలుగు వైపులతో పట్టే అత్యధిక వైశాల్యం ఎంతో బ్రహ్మగుప్తుడి సూక్ష్మ సూత్రమే చెబుతుంది. నాలుగు మూలలూ ఒకే వృత్తం మీద పడ్డప్పుడు అది వస్తుంది. మన స్థలానికి అది 2262 చదరపు అడుగులు, అంటే 251 గజాల చిల్లర. కాబట్టి 256 గజాలన్నది ఈ నాలుగు వైపుల మధ్య ఎలా వంచినా ఇమడదు. నాలుగు భుజాలు మాత్రమే అడిగి జవాబిచ్చే యాప్‌లనూ ఇందుకే నమ్మకూడదు.

కొలత సరిగ్గా వచ్చిందో లేదో తేల్చుకోవడానికి రెండో కర్ణం బీడీ కూడా కొలవండి. ఈ స్థలంలో అది 74 అడుగుల అర అంగుళం దగ్గర రావాలి. అడుగు తేడా వచ్చిందంటే ఎక్కడో ఒక భుజమో, కర్ణమో తప్పు చదివారు. రెండో కర్ణంతోనూ హెరాన్ వేసి, రెండు మొత్తాలూ కలిశాకే కాగితం మీద రాయండి.

త్రిభుజం మరీ సన్నగా సాగితే మాత్రం జాగ్రత్త. 60, 45, 39లో కర్ణాన్ని అర అడుగు తప్పుగా 60.5 అని చదివినా వైశాల్యంలో తేడా అర చదరపు అడుగు కూడా రాదు. ఎందుకంటే డీ దగ్గర కోణం దాదాపు లంబకోణం. అదే 80, 45, 39 త్రిభుజంలో 80ని 79.5 అని చదివితే 27 చదరపు అడుగులు, అంటే మూడు గజాలు మారిపోతాయి. అలాంటి చోట రెండో కర్ణాన్నే అసలుదిగా తీసుకోండి.

మధ్యలో బావో, పాత ఇల్లో అడ్డమొచ్చి కర్ణం లాగడం కుదరకపోతే, బీ మూల నుంచి రెండు వైపులా పదేసి అడుగుల దగ్గర మేకులు కొట్టి, ఆ మేకుల మధ్య దూరం కొలవండి. మన స్థలంలో అది 11 అడుగుల ఒక అంగుళం పైచిలుకు. దాని వర్గాన్ని 200తో భాగించి 1లోంచి తీసేస్తే ఆ కోణం కొసైన్ వస్తుంది. ఏబీ, బీసీల లబ్ధానికి రెండింతల్ని ఆ కొసైన్‌తో గుణించి, వాటి వర్గాల మొత్తంలోంచి తీసేసి, వర్గమూలం తీస్తే ఏసీ వస్తుంది. కానీ ఇక్కడ అంగుళం తప్పితే ఏసీలో ఐదు అంగుళాలకు పైగా తప్పుతుంది. వీలుంటే పదికి బదులు ఇరవై అడుగులు తీసుకోండి.

ఒక పక్క వాగో, చెరువు గట్టో ఉండి హద్దు వంపు తిరిగితే బడి లెక్క ఇంకాస్త ముందుకెళ్తుంది. బీసీ నిజానికి తిన్నని గీత కాదు, బయటికి ఉబ్బి ఉందనుకోండి. బీ నుంచి సీకి పురికొస బిగించి కట్టండి. 56 అడుగుల్ని ఏడేసి అడుగుల చొప్పున ఎనిమిది భాగాలు చేసి, ప్రతి గుర్తు దగ్గరా పురికొసకు లంబంగా వంపు దాకా కొలవండి. లంబం పట్టడానికి 6, 8, 10 అడుగుల తాడు త్రిభుజం సరిపోతుంది.

కొలతలు వరసగా 0, 2.5, 4.5, 6, 6.5, 6, 5, 3, 0 వచ్చాయనుకుందాం. వీటన్నిటినీ కూడి తొమ్మిదితో భాగించి 56తో గుణిస్తే 208 వస్తుంది. చాలామంది చేసే తప్పు ఇదే. ఈ చివరా ఆ చివరా ఉన్న కొలతల్ని సగమే లెక్కించాలి. ఇక్కడ అవి సున్నాలు కాబట్టి, మధ్యవి కూడి ఏడుతో గుణిస్తే 234.5. ఇది ట్రెపీజియంల లెక్క. వంపు బయటికి ఉబ్బినప్పుడు ఇది కాస్త తక్కువే చూపిస్తుంది. సింప్సన్ సూత్రంతో వేస్తే 238. రెండో, నాలుగో, ఆరో, ఎనిమిదో కొలతల్ని నాలుగింతలు, మూడో, ఐదో, ఏడో కొలతల్ని రెండింతలు చేసి, మొదటిదీ చివరిదీ ఉన్నవున్నట్టు కలిపి, ఏడుతో గుణించి మూడుతో భాగించాలి. దీనికి భాగాలు సరిసంఖ్యలోనే ఉండాలి. వంపు లోపలికి ఉంటే కలపడానికి బదులు తీసేయాలి.

ముందు వచ్చిన 2221.4కు ఈ 238 కలిపితే మొత్తం 2459.4 చదరపు అడుగులు. 9తో భాగిస్తే 273.3 గజాలు. 435.6తో భాగిస్తే 5.65 సెంట్లు. తెలంగాణలో గుంటల్లో అడిగితే 1089తో భాగించండి, రెండుంపావు గుంటలు. గుంట అంటే 33 అడుగుల చదరం, ఎకరానికి అవి 40. సెంటు వంద లింకులున్న 66 అడుగుల గొలుసు నుంచి వచ్చింది, వెయ్యి చదరపు లింకులు ఒక సెంటు.

టేపు దగ్గర జరిగే తప్పులే ఎక్కువ. 52 అడుగుల 6 అంగుళాలు అంటే 52.5, 52.6 కాదు. కొన్ని టేపుల్లో సున్నా కొక్కెం అంచు దగ్గర, కొన్నింటిలో పట్టీ మీద గీత దగ్గర మొదలవుతుంది. చూసుకోకపోతే ప్రతి కొలతలోనూ ఒకే తప్పు దొర్లుతుంది. నార టేపును గట్టిగా లాగితే సాగుతుంది. వాలు నేల మీద టేపును నేలకు ఆనించి లాగితే దూరం ఎక్కువ వస్తుంది. నూరడుగులకు పదడుగుల ఎత్తు మారితే అడ్డదూరం 99.5 అడుగులే. అలాంటి చోట టేపును సమమట్టంగా పట్టుకుని, చిన్న చిన్న మెట్లుగా కొలుచుకుంటూ, చివర గుండు కట్టిన దారం వదిలి గుర్తు పెట్టుకోవాలి.

సర్వే వాళ్ల ఎఫ్‌ఎంబీలోనూ (ఫీల్డ్ మెజర్‌మెంట్ బుక్, అంటే పొలం కొలతల పటాల పుస్తకం), తెలంగాణలో అలాంటి పటమైన టిప్పన్‌లోనూ కనిపించే అడ్డగీతలు, వాటి నుంచి పక్కలకు రాసిన చిన్న చిన్న అంకెలు ఇలాంటి ఆధార గీతలూ లంబాలే. మీ కొలతలు రాసే ముందు ఆ నకలు తెచ్చుకుని, వాళ్లు గీసిన అడ్డగీత మీదే టేపు లాగండి. అప్పుడు ఏ మూల దగ్గర తేడా వచ్చిందో సూటిగా వేలు పెట్టి చూపించొచ్చు.