గోడ వేయడానికి రెండు నెలలు

డచ్ చిత్రకారుడు వెర్మీర్ వేసిన 'పాలు పోసే ఆవిడ' బొమ్మని ఆయిల్‌లో మళ్లీ వేద్దామని పోయిన జూన్‌లో మొదలుపెట్టా. అసలు బొమ్మ ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్‌మ్యూజియంలో ఉంది. పేరు పెద్దదే గానీ బొమ్మ చిన్నది, ఎత్తు 45.5 సెంటీమీటర్లు, వెడల్పు 41, మన ఇళ్లల్లో దేవుడి పటమంత. మ్యూజియం వాళ్లే పెద్ద ఫొటో ఉచితంగా పెట్టారు కాబట్టి, అదే సైజు కాన్వాస్ కోఠీలో బిగించుకొచ్చి, గళ్లు గీసుకుని, రా అంబర్ అనే మట్టి గోధుమ రంగుతో ముందు నీడలన్నీ వేసేశా.

మనిషిని వేయడమే కష్టమనుకున్నా. ముఖం, చేతులు, ఆ పాలధార ఎలాగో దారికొచ్చాయి, ఏడిపించిందల్లా వెనక గోడే. తెల్లగోడేగా అని టైటానియం వైట్ పూసేస్తే ఆవిడ స్టిక్కర్ అంటించినట్టు ఉంది! ఫొటో పెద్దది చేసి చూస్తే, కిటికీ ఎడమవైపే ఉన్నా దాని కింద మూలంతా చీకటి, కుడివైపు పోయేకొద్దీ వెలుతురు. చిక్కడపల్లిలో మా వంటింటి గోడా అంతే, పదేళ్లుగా చూస్తున్నా పట్టించుకోలేదు. తెలుపులో అంబర్, కాస్త నలుపు, చిటికెడు నీలం కలిపి అయిదుసార్లు వేశా. ఆవిడ కుడిపక్క అంచు వెంట వెర్మీర్ సన్నటి తెల్లగీత ఒకటి లాగాడు. నేనూ అది లాగాకే మనిషి గోడ నుంచి విడివడి ముందుకొచ్చింది.

ఈలోగా వానలు. ఆయిల్ రంగు నీళ్ల రంగులా ఆవిరై ఆరదు, గాలి తగిలి మెల్లగా గట్టిపడుతుంది. నేను తొందరపడి నీలం ఏప్రన్‌కి కింది పూతలో అవిసె నూనె ఎక్కువ పోసి, పైపూత టర్పెంటైన్‌తో పల్చగా వేశా, చేయాల్సినదానికి సరిగ్గా తలకిందులుగా అన్నమాట. పైది ముందు బిగుసుకుపోయి, మూడు వారాలకి ఎండిన చెరువులా పగుళ్లు. పాలెట్ నైఫ్‌తో గీకి మళ్లీ వేశా (వృథా అయిన రంగు ఖరీదెంతో ఇంట్లో చెప్పలేదు). వెర్మీర్ వాడింది లాపిస్ లజులీ రాయి నూరి తీసిన నీలం, నాది ట్యూబులో అల్ట్రామెరైన్.

ఆఖర్న గోడకి ఒక మేకు, దాని నీడ. అమ్మ చూసి, "ఇంత కష్టపడి మేకు కొట్టావు, ఓ క్యాలెండర్ తగిలించొచ్చుగా" అంది. నిజానికి ఆయన కూడా మొదట ఆవిడ తల వెనక కూజాలు తగిలించే చెక్క ఒకటి వేసి, తర్వాత గోడరంగుతో కప్పేశాడట, 2022లో స్కానింగ్‌లో బయటపడిందని చెప్పా.

"చెక్క తీసేసినవాడు మేకెందుకు ఉంచాడే?" అని, పాలు పొంగుతున్నాయంటూ లోపలికెళ్లిపోయింది.