ర్యామా, డిస్కా? మిర్యాలగూడ మిల్లులో నా అనుభవం

మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో కంప్యూటర్ బాగుచేయడమంటే సగం సమయం దుమ్ముకు, మిగతా సగం ప్రశ్నలకు పోతుంది. వానాకాలం ధాన్యం దిగుతున్న రోజుల్లో ఒక మిల్లు నుంచి పిలుపు వచ్చింది. "స్లో అయింది, ర్యామ్ వేసి వెళ్ళు" అన్నాడు సేటు. ఎవరో చెప్పినట్టున్నారు. చూడకుండా ఏదీ కొనవద్దని చెప్పి కూర్చున్నాను.

ఇంటెల్ నాలుగో తరం ఐ3, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్‌డిస్క్, విండోస్ 10. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. లెక్కలు రాసే టాలీ ప్రోగ్రామ్ ఒక్కటే తెరిచి ఉంది, మెమరీ (అంటే ర్యామ్) అరవై శాతం దగ్గర ఉంది, డిస్క్ పని మాత్రం నూరు శాతం మీద కదలకుండా నిలబడింది. బ్రౌజర్‌లో నాలుగైదు పేజీలు తెరిచాక మెమరీ కూడా తొంభై దాటింది. రెండింటికీ సంబంధం ఉంది. ర్యామ్ చాలకపోతే విండోస్ కొంత సరుకును డిస్క్ మీదికి నెడుతుంది, అప్పుడు డిస్క్ భారం ఇంకా పెరుగుతుంది. కానీ ర్యామ్‌లో ఇంకా చోటు ఉన్నప్పుడే డిస్క్‌కు ఊపిరాడనంత పని ఉందంటే మొదట మార్చవలసింది డిస్కునే. ఆ తర్వాత ఇంకో 4 జీబీ ర్యామ్ కూడా వేయాలన్నాను.

"500 జీబీ ఉండగా మళ్ళీ 4 జీబీ ఎందుకు కొనాలి?" సేటు ప్రశ్న సబబైనదే. గుమాస్తాను చూపించి చెప్పాను. "అన్న టాలీలో వోచర్ రాస్తూ ఉన్నాడు, ఇంకా ఖాయం చేయలేదు. ఇప్పుడు కరెంటు పోతే ఆ వోచర్ పోతుంది, అది ర్యామ్‌లో ఉన్నది. నిన్నటి వోచర్లు పోవు, అవి డిస్క్ మీద ఉన్నాయి." గుమాస్తా తల ఊపాడు. ఆయనకు ఇది అనుభవమే.

డిస్క్ ఆరోగ్యం చూపే చిన్న ప్రోగ్రామ్ నడిపిస్తే హెచ్చరిక కనిపించింది. పాడైన సెక్టార్లను, అంటే తన మీది చిన్న చిన్న గళ్ళను, డిస్క్ తనంతట తాను పక్కన పెడుతోంది. ఇక వేరే పని ముట్టుకోకుండా లెక్కల ఫోల్డర్ మొత్తం పెన్‌డ్రైవ్‌లోకి దించాను. ఇలాంటి డిస్కును ఉన్నదున్నట్టు కొత్తదానికి కాపీ చేయడం నాకు నచ్చదు. విండోస్ కొత్తగా ఎక్కించడమే మేలు.

కొనేటప్పుడు ఇంకో ముడి పడింది. హార్డ్‌డిస్క్ బదులు ఎస్‌ఎస్‌డీ, అంటే తిరిగే పళ్ళెం లేని డిస్క్, వేద్దామన్నాను. అందులో ఎన్‌వీఎంఈ రకం తీసుకోమని మనవడు అన్నాడని గుమాస్తా పట్టుబట్టాడు. అది వేగమైనదే, కానీ ఈ పాత బోర్డు మీద దానికి చోటు లేదు. పాత డిస్క్‌కు ఉన్న సాటా కేబుల్‌కే తగిలించే 2.5 అంగుళాల ఎస్‌ఎస్‌డీ చాలు. సాటా మూడో తరంలో సెకనుకు 500 ఎంబీకి పైగా చదువుతుంది. అంతకన్నా ముఖ్యం, తిరుగుతూ ఫైలు ఉన్న చోటు వెతికే పని పోతుంది. నిమిషానికి 7,200 చుట్లు తిరిగే డిస్క్‌కు ఒక్క చుట్టుకే 8 మిల్లీసెకన్లు దాటుతుంది. విండోస్ తెరుచుకునేటప్పుడు చదవవలసినవి వేల కొద్దీ చిన్న ఫైళ్ళు. ఇక ర్యామ్, ఈ బోర్డుకు పట్టేది పాత డీడీఆర్3 రకం. దాని తర్వాతి డీడీఆర్4 బలవంతంగా పెట్టినా దిగదు, గాటు వేరే చోట ఉంటుంది. వాడిన పాతదే సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్ నుంచి తెప్పించాను.

క్యాబినెట్ విప్పితే ఊక దుమ్ము ఫ్యాన్ రెక్కలకు పేరుకుపోయి ఉంది. బయట వరండాలో బ్లోయర్ కొట్టాను. ర్యామ్ పట్టుకునే ముందు క్యాబినెట్ ఇనుమును ఒకసారి ముట్టుకోవాలి, ఒంటి మీది కరెంటు అందులోకి పోతుంది. మొదటిసారి ఆన్ చేస్తే బీప్ తప్ప తెర రాలేదు. ర్యామ్ తీసి, బంగారు రంగు కాళ్ళను రబ్బరుతో రుద్ది, రెండు వైపులా టక్కుమనే దాకా నొక్కాక వచ్చింది.

విండోస్ ఎక్కాక గుమాస్తా కళ్ళద్దాలు సవరించుకున్నాడు. "పెట్టె మీద 500 అని ఉంది, ఇక్కడ 465 చూపిస్తోంది. తరుగు ఎవరు తీశారు తమ్ముడూ?" ధాన్యం తూకాల దగ్గర జీవితం గడిపిన మనిషికి ఇంకెలా తోస్తుంది! ఎవరూ తీయలేదు. కంపెనీ లెక్కలో జీబీ అంటే 100 కోట్ల బైట్లు, విండోస్ లెక్కలో 1,07,37,41,824 బైట్లు. యాభై వేల కోట్ల బైట్లను ఆ పెద్ద సంఖ్యతో భాగిస్తే 465 చిల్లర వస్తుంది. ఫోన్ కాలిక్యులేటర్ మీద తానే చేసి చూసుకున్నాడు, అంతవరకు నమ్మలేదు.

పాత డిస్క్‌లో ఇంకో కాపీ ఉంచుకుందామని సేటు అడిగితే వద్దన్నాను, పాడవుతున్న డిస్కును నమ్మలేం. అలాగని కొత్తదాన్ని ఒక్కదాన్నే నమ్ముకోకూడదు. ఎస్‌ఎస్‌డీ చప్పుడు చేయకుండా పోతుంది, చెరిపేసిన ఫైలు దాని నుంచి తిరిగి తీయడం చాలాసార్లు కుదరదు. కాబట్టి రోజూ సాయంత్రం పెన్‌డ్రైవ్‌లోకి కాపీ తప్పదు, ఆ పెన్‌డ్రైవ్ ఆఫీసులో కాకుండా ఇంట్లో ఉండాలి.

"విండోస్ 11 ఎక్కుతుందా?" అన్నాడు సేటు. ఎక్కదు. ఇంటెల్ అయితే ఎనిమిదో తరం నుంచే మైక్రోసాఫ్ట్ ఒప్పుకుంటుంది. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఆపై ఒక సంవత్సరం భద్రతా అప్‌డేట్లకు విడిగా పేరు నమోదు చేసుకోవాలి. అది చేసిపెట్టాను. ఆ గడువు లోపల కొత్త కంప్యూటర్ తీసుకోమన్నాను. ఈ ఎస్‌ఎస్‌డీ అందులోకి మారుతుంది, ర్యామ్ మాత్రం మారదు.

"మరి ర్యామ్‌కు పెట్టిన డబ్బు?" అన్నాడు సేటు.

"అందుకే పాతది తెచ్చాను."