ఉబ్బసం ఉన్నవాళ్లను ఇంటికి పంపబోయిన లెక్క

నాకు చిన్నప్పటి నుంచీ ఉబ్బసం. చలికాలం వస్తే రాత్రిళ్లు ఇప్పటికీ పిల్లికూతలు. అందుకేనేమో, మెషిన్ లెర్నింగ్ నేర్చుకునే రోజుల్లో చదివిన ఒక పాత కేసు నన్ను వదలడం లేదు.

1990లలో అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో పరిశోధకులు న్యుమోనియా రోగుల రికార్డులు ముందేసుకున్నారు. ఎవరిని ఆసుపత్రిలో చేర్చుకోవాలి, ఎవరికి మందులిచ్చి ఇంటికి పంపొచ్చు అన్నది తేల్చడానికి చావు ప్రమాదాన్ని ముందే అంచనా వేసే మోడళ్లు, అంటే పాత రికార్డుల నుంచి నేర్చుకుని లెక్కకట్టే ప్రోగ్రాములు, కట్టారు. అన్నిటికంటే బాగా పనిచేసింది న్యూరల్ నెట్‌వర్క్. అయితే అది లోపల ఎలా లెక్కకడుతోందో మనిషి చదవలేడు. దాన్ని తయారుచేసిన రిచ్ కరువానాయే రోగుల మీద వాడొద్దన్నాడు.

కారణం, అదే డేటాతో కట్టిన ఇంకో మోడల్ కనిపెట్టిన సూత్రం: ఉబ్బసం ఉంటే న్యుమోనియాతో చనిపోయే ప్రమాదం తక్కువ. న్యూరల్ నెట్‌వర్క్ కూడా లోపల అదే నేర్చుకుని ఉండొచ్చు. ఆ సూత్రం చదివినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. డేటాలో తప్పేమీ లేదు. ఉబ్బసం ఉన్నవాళ్లకు న్యుమోనియా వస్తే డాక్టర్లు నేరుగా ఐసీయూలో పెట్టి కంటికి రెప్పలా చూసుకున్నారు, కాబట్టి బతికారు. మోడల్‌కు బతకడం కనిపించింది, బతికించింది ఏమిటో కనిపించలేదు. ఆ మాట నమ్మి నాలాంటివాణ్ణి ఇంటికి పంపేస్తే?

ఉబ్బసం కాలమ్ తీసేస్తే సరిపోదా అని చాలామంది అడుగుతారు. సరిపోదు. పిల్లికూతల వంటి లక్షణాల రూపంలో అదే సమాచారం మళ్లీ లోపలికి వస్తుంది. పైగా ఉబ్బసం సంగతి మన కంటపడింది గనక తీసేస్తాం, పడనివాటి మాటేమిటి? కరువానా బృందం ఆ డేటానే మనిషి చదవగలిగే మోడళ్లతో మళ్లీ చూసి 2015లో ప్రచురించింది. గుండెజబ్బు, ఛాతీనొప్పి చరిత్ర ఉన్నవాళ్లకూ ప్రమాదం తక్కువని తేలింది. అక్కడా అదే కథ అయివుంటుంది, ఛాతీ పట్టుకుని వచ్చినవాణ్ణి ఎవరూ వరండాలో కూర్చోబెట్టరు కదా.

ఏది దేనికి కారణమో తేల్చే లెక్కల మీద పనిచేసిన శాస్త్రవేత్త జూడియా పెర్ల్ ఏళ్ల తరబడి చెబుతున్నది ఇదే: చూడటం వేరు, చేయడం వేరు. ఉబ్బసం ఉన్నవాళ్లలో ఎంతమంది చనిపోయారన్నది చూసి చెప్పే లెక్క. ఉబ్బసం ఉన్నవాణ్ణి ఇంటికి పంపితే ఏమవుతుందన్నది చేస్తే గానీ తెలియని లెక్క. ఈ రికార్డులన్నీ ఆసుపత్రిలో చేరినవాళ్లవే. ఇంటికి పంపినవాళ్లు అందులో లేనే లేరు. అలాంటి రికార్డులు ఇంకో పది లక్షలు పోసినా రెండో ప్రశ్నకు జవాబు పుట్టదు. ఉబ్బసం నుంచి ఐసీయూకి, ఐసీయూ నుంచి బతుక్కి, ఏది దేనికి కారణమో చూపే బాణాలు గీయాల్సింది ఆ వార్డులో పనిచేసిన మనిషే.

ఇప్పుడు నా పని కూడా ఆసుపత్రి డేటాతోనే. కొత్త మోడల్ ఏది వచ్చినా, ఎంత బాగా అంచనా వేస్తోందన్నది తర్వాత. ముందు అడిగేది ఒక్కటే: ఈ రోగులకు అప్పుడు ఏ వైద్యం చేశారు, అది ఈ టేబుల్‌లో ఎక్కడుంది? చాలాసార్లు ఆ కాలమ్ ఉండదు. అప్పుడు నర్సుల దగ్గరికి వెళ్లి కూర్చుంటాను.