బెంగళూరులో కాపురం, హిమాలయం మీద పోస్ట్‌డాక్

హిమాలయాల మీద పనిచేస్తున్నానంటే మా బంధువులంతా నేను మంచులో ఉంటాననుకుంటారు. నేనుండేది మత్తికెరెలో, కింద చిల్లర కొట్టున్న ఇంటి పై వాటాలో. అలకనంద లోయలో గడిపేది వానలకు ముందు కొన్ని వారాలు, వానలు వెలిశాక కొన్ని వారాలు. మిగతా ఏడాదంతా రాయి కోసే గదిలో, మైక్రోస్కోపు ముందు. స్ట్రక్చరల్ జియాలజీలో (రాళ్లు ఎలా ముడతలు పడ్డాయో, విరిగాయో, జరిగాయో చదివే శాస్త్రం) పోస్ట్‌డాక్, అంటే పీహెచ్‌డీ తర్వాతి పరిశోధన పని, ఎలా దొరుకుతుందని జూనియర్లు అడుగుతున్నారు కాబట్టి నాకు జరిగింది రాస్తున్నాను.

పీహెచ్‌డీ తిరుపతిలో, నల్లమల కొండల రాతి ముడతల మీద చేశాను. కడప బేసిన్‌లో ఆ కదలికలన్నీ ఎప్పుడో ముగిసిపోయాయి. ఇప్పటికీ కదులుతున్న పర్వతం మీద పనిచేయాలని ఉండేది. భారత భూఫలకం ఏడాదికి ఇంచుమించు 5 సెంటీమీటర్లు ఉత్తరానికి జరుగుతోంది. అందులో 2 సెంటీమీటర్ల దాకా ఒక్క హిమాలయమే భరిస్తోంది.

జాతీయ పోస్ట్‌డాక్టొరల్ ఫెలోషిప్‌కు దరఖాస్తు చేశాను. కాలం 2 ఏళ్లు. సాధారణ వయోపరిమితి 35, కొన్ని వర్గాలకు సడలింపు ఉంది. మెంటర్ (మన పరిశోధనను చూసే ప్రొఫెసర్) అంగీకార పత్రం, సంస్థ హామీ పత్రం జతచేయాలి. కాగితాల పని విసుగే కానీ కష్టమేమీ కాదు. కష్టమంతా మెంటర్‌ను ఒప్పించడంలోనే.

నా మొదటి ప్రతిపాదన పెద్దది. హిమాలయం మధ్యభాగం పైకి ఎలా వచ్చిందన్న దాని మీద పాత వాదం ఒకటి ఉంది. కల్లంలో ధాన్యాన్ని పలకతో నెడితే ముందు గుట్టగా పోగుపడుతూ పోతుంది కదా, పర్వతం కూడా అలాగే పొర మీద పొర పేర్చుకుంటూ పెరిగిందని ఒక పక్షం. లోతున వేడికి మెత్తబడిన రాతి పొర, కింద ఒక థ్రస్టుకీ (ఒక రాతిపొర ఇంకోదాని మీదికి ఎక్కిన పగులు) పైన ఒక జారుడు ఫాల్టుకీ (పై రాయి కిందికి జారిన పగులు) నడుమ నుంచి దక్షిణానికి పాకి వచ్చిందని ఇంకో పక్షం. రెండో దాన్ని చానల్ ఫ్లో అంటారు. రెంటిలో ఏది నిజమో తేలుస్తానని రాశాను. నా మెంటర్ మేడమ్ దాన్ని ఫోన్లో చదివి వినిపించి, “ఇది రెండేళ్ల పనా, రెండు తరాల పనా?” అన్నారు. ఆ తర్వాత, “ఏ రాయి దొరికితే మీ మాట తప్పని ఒప్పుకుంటారో అది రాయండి” అన్నారు.

అక్కణ్ణుంచి ప్రతి డ్రాఫ్టుకూ ప్రశ్న చిక్కిపోతూ వచ్చింది. హిమాలయం పోయి గఢ్వాల్ అయింది, గఢ్వాల్ పోయి అలకనంద లోయ అయింది. చివరికి మిగిలింది మెయిన్ సెంట్రల్ థ్రస్ట్. స్విస్ భూగర్భ శాస్త్రవేత్తలు హైమ్, గాన్సర్ 1939లో పెట్టిన పేరది. మ్యాపులో ఆ గీత ఎక్కడ గీయాలన్న పేచీ ఇంకా తెగలేదు. కింద మున్సియారి థ్రస్ట్ ఉంది, పైన వైక్రితా థ్రస్ట్ ఉంది. అసలు సరిహద్దు వైక్రితాయేనని భూగర్భ శాస్త్రవేత్త కె.ఎస్. వల్దియా 1980లో వాదించారు. కుమావూఁ కొండల మనిషి, చివరి ఏళ్లు గడిపింది మన బెంగళూరులోనే. నా ప్రశ్న ఇలా కుదిరింది: ఈ రెండు గీతల నడుమ రాయి నలిగినప్పటి వేడి కొద్దికొద్దిగా పెరిగిందా, లేక ఒకచోట ఉన్నట్టుండి ఎగబాకిందా? రెండో ప్రతిపాదన పొడవు మొదటిదాంట్లో సగం కూడా లేదు. ఫెలోషిప్ వచ్చింది దానికే.

ఫీల్డులో చేసేది చూసేవాళ్లకు వింతగా ఉంటుంది. రాయిని కొట్టకముందే దాని ముఖం మీద స్ట్రైక్ గీత (పొర ఏ దిక్కుగా సాగిందో), డిప్ గుర్తు (ఎటు ఎంత వాలిందో) మార్కరుతో వేసి, బ్రంటన్ కంపాస్ చూసి అంకెలు రాసుకోవాలి. అప్పుడే సుత్తి. ఆ గీత ఉంటేనే రాయి కొండలో ఎటు తిరిగి ఉండేదో బెంగళూరులో తెలుస్తుంది. రిషికేశ్‌లో గోనెసంచులు పార్సిల్ వేయబోతే గుమస్తా, “బెంగళూరులో రాళ్లు లేవా?” అన్నాడు. లేకేం, లాల్‌బాగ్‌లో ఇంచుమించు 300 కోట్ల ఏళ్ల నైస్ (gneiss) అనే రాయి మీద జనం కూర్చుని పల్లీలు తింటారు. అయితే ఆయనకు అదంతా వివరించే ఓపిక నాకు లేకపోయింది.

అసలు పని రాయి కోసే గదిలోనే. అక్కడ పనిచేసే అన్నది హిందూపురం. మొదటి సంచి విప్పగానే నా గీతలు చూశాడు. “తడి తగిల్తే చెరిగిపోతాది సార్. చెరిగితే ఇంక ఇది కంకరే” అని, ప్రతి రాయికీ ఉలితో చిన్న గాటు పెట్టాడు. పొరలకు అడ్డంగా, సాగిన గీతకు సమాంతరంగా కోయాలి. ఇంకో దిక్కున కోస్తే రాయి ఎటు జరిగిందో కనిపించదు. కోసిన ముక్కను గాజుపలక మీద అంటించి 0.03 మిల్లీమీటర్ల మందానికి అరగదీస్తాడు. కొలత పరికరం కంటే రంగునే నమ్ముతాడు. మైక్రోస్కోపులో అడ్డ ధ్రువణ కాంతిలో (క్రాస్డ్ పోలరైజ్డ్ లైట్) క్వార్ట్‌జ్ ఖనిజం పసుపుగా కనిపిస్తే ఇంకా మందం ఉన్నట్టు, బూడిదరంగుకు తిరిగితే సరిపోయినట్టు. ఒక నిమిషం ఎక్కువ రుద్దితే రాయి మొత్తం పోతుంది. ఆయన సెలవు పెట్టిన వారం ల్యాబు మొత్తం సెలవే.

స్లైడులో గార్నెట్ ఖనిజాల పక్కన తోకల్లా మిగిలిన క్వార్ట్‌జ్, చేపల్లా ఒరిగిన అభ్రకం, అన్నీ పై భాగం దక్షిణానికి జరిగిందనే చెప్పాయి. అది కొత్త సంగతేమీ కాదు. నాకు కావలసింది క్వార్ట్‌జ్ రేణువుల అంచులు. తక్కువ వేడిలో అంచులు చిన్నచిన్నగా ఉబ్బుతాయి. ఇంకాస్త వేడికి పెద్ద రేణువు లోపలే చిన్న రేణువులు విడివడతాయి. సుమారు 500 డిగ్రీలు దాటితే అంచులు వంకరలు పోయి ఒకదానిలోకి ఒకటి చొచ్చుకుంటాయి. పైకి వెళ్లేకొద్దీ ఈ మూడో రకం పెరిగింది. మామూలుగా లోతుకు పోతేనే వేడి పెరగాలి, ఇక్కడ తలకిందులు. హిమాలయంలో ఇది ఎప్పటి నుంచో తెలిసిన విషయమే అయినా సొంత స్లైడులో చూసినప్పుడు వేరే.

నా పేపరు చూసిన సమీక్షకుడు మాత్రం కరగలేదు. రేణువుల అంచులను మార్చేది వేడి ఒక్కటే కాదు, రాతిలోని నీరు, నలిగే వేగం కూడా అన్నాడు. న్యాయమైన మాట. గార్నెట్, బయొటైట్ (నల్ల అభ్రకం) పక్కపక్కన ఉన్నచోట ఇనుము, మెగ్నీషియం ఎంతెంత పంచుకున్నాయో కొలిస్తే వేడి విడిగా తెలుస్తుంది. దానికి ఎలక్ట్రాన్ మైక్రోప్రోబ్ కావాలి, ఖనిజంలో ఏ మూలకం ఎంతుందో కొలిచే యంత్రం. మాకు అందుబాటులో ఉన్నది ఇంకో ఊళ్లో, ముందు చాంతాడంత క్యూ. ఫెలోషిప్ గడువు ఆ క్యూ కోసం ఆగదు. ఈ సబ్జెక్టులో నన్ను బాగా అలసగొట్టింది ఇదే, కొండ ఎక్కడం కాదు.

అందుకే దరఖాస్తు చేయబోయేవాళ్లకు నేను ముందు చెప్పేది ర్యాంకుల గురించి కాదు. మెంటర్‌తో మాట్లాడేటప్పుడు రెండు విషయాలు అడగండి: రాయి కోసే మనిషి సంస్థలోనే ఉన్నాడా, మైక్రోప్రోబ్‌కు ఇప్పుడు పేరు రాయిస్తే ఎప్పుడు దొరుకుతుంది. నేను రెండోది అడగకుండానే చేరాను. నా వంతు వచ్చే నెలలో ఉంది.